కడిగిన కొత్తిమీరలో ఈ. కోలి: ఒక తొట్టి కేస్ స్టడీ

కడగని కొత్తిమీరలో కంటే కడిగిన కొత్తిమీరలో ఎక్కువ బ్యాక్టీరియా ఉంది. వరసగా మూడు ల్యాబ్ రిపోర్టులు ఇదే మాట చెప్పిన తర్వాత ఆకుకూరలు కడిగి ప్యాక్ చేసే ఒక యూనిట్ యజమాని నాకు ఫోన్ చేశారు. నమూనాల చీటీలు తారుమారయ్యాయేమోనని ఆయన అనుమానం. ల్యాబ్‌లో పొరపాట్లు జరగవని నేను అనను. కానీ ఒకే పొరపాటు మూడుసార్లు, అదీ ప్రతిసారీ ఒకే దిశలో జరగడం అరుదు. రిపోర్టు నిజమే అయి ఉంటుందన్న అంచనాతోనే బయలుదేరాను.

హైదరాబాద్ శివార్లలో ఉన్న చిన్న యూనిట్ అది. తెల్లవారుజామున చుట్టుపక్కల మండలాల నుంచి కొత్తిమీర, పుదీనా, పాలకూర వస్తాయి. కడిగి, నీళ్లు ఆరబెట్టి, కొంత తరిగి, కొంత అలాగే ప్యాక్ చేసి మధ్యాహ్నంలోపు హోటళ్లకూ క్యాటరింగ్ వాళ్లకూ పంపుతారు. కొనేవాళ్లలో ఒకరు సొంతంగా పరీక్షలు చేయించుకునే సంస్థ. తరిగిన కొత్తిమీరలో ఈ. కోలి (మలం నుంచి చేరే బ్యాక్టీరియా) కనిపించడంతో వాళ్లు సరుకు తీసుకోవడం ఆపేశారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆకుకూరల్లో బ్యాక్టీరియా అనగానే మనలో చాలామంది, అది సలాడ్లు తినే దేశాల బాధ అనుకుంటారు. పాలకూర పప్పులో ఉడుకుతుంది, తోటకూర వేపుడవుతుంది, గోంగూర నూనెలో మగ్గుతుంది, కాబట్టి మనకేమీ కాదని. ఆ మూడింటి విషయంలో అది నిజమే. కొత్తిమీర సంగతి అలా కాదు. సాంబారు దించాక, బిర్యానీ వడ్డించే ముందు, పెరుగు పచ్చడి మీద, చాట్ మీద, ఎక్కడైనా అది చివర్లో పచ్చిగా పడేదే. పుదీనా కూడా పానీపూరీ నీళ్లలోకీ చట్నీలోకీ పచ్చిగానే వెళుతుంది. పైగా హోటల్లో ఉదయం తరిగిన డబ్బా వంటగది వేడిలో సాయంత్రం దాకా తెరిచే ఉంటుంది. ముప్పై అయిదు డిగ్రీల దగ్గర ఈ. కోలి ఇరవై నిమిషాలకు ఒకసారి రెట్టింపు కాగలదు. తరిగిన ఆకు నుంచి కారే రసం దానికి ఆహారం.

తొట్టి దగ్గర

యూనిట్‌లో స్టీలు తొట్లు రెండు, ఒక్కోటి 500 లీటర్లవి. మొదటి దాంట్లో క్లోరిన్ నీళ్లు, రెండో దాంట్లో మామూలు నీళ్లు. కట్టలను క్రేట్‌లో పెట్టి మొదటి తొట్టిలో ముంచి, చేత్తో కలియబెట్టి, రెండో తొట్టిలో జాడించి, నీళ్లు పిండే స్పిన్నర్‌లో తిప్పుతారు. ఉదయం ఆరింటికి తొట్లు నింపి, మొదటి దాంట్లో క్లోరిన్ ఇచ్చే సోడియం హైపోక్లోరైట్ ద్రావణం పోస్తారు. అక్కడ అందరూ దాన్ని హైపో అనే పిలుస్తారు. పని ముగిసేది పన్నెండింటికి. ఆ ఆరు గంటల్లో నీళ్లు ఎప్పుడు మారుస్తారని అడిగాను.

"నల్లగా అయితే మారుస్తాం మేడమ్" అన్నారు సూపర్‌వైజర్.

నా పక్కన కట్టలు ముంచుతున్న పెద్దావిడ చేతులు ఆపకుండానే ఇంకో మాట చెప్పారు. "పొద్దున కడిగిన కొత్తిమీర రెండు రోజులు బాగుంటుంది. పదకొండింటికి కడిగింది మర్నాటికే జిగురు పడుతుంది. ఇంటికి తీసుకెళ్లాలంటే మేము పొద్దుటిదే తీసుకెళ్తాం."

ఈ కేసులో మొదటి ఆధారం నాకు ఆ మాటలోనే దొరికింది. సరుకు ఒకటే, మనుషులు వాళ్లే, తొట్టి అదే. మారింది గంట ఒక్కటే. ఆవిడ ఏళ్ల తరబడి చూస్తున్న విషయమిది. ఆవిడను అడిగినవాళ్లు ఎవరూ లేరు.

మర్నాడు ఆరింటి నుంచి పన్నెండు దాకా తొట్టి దగ్గరే నిలబడ్డాను. ప్రతి అరగంటకు నీటి నమూనా తీసి ఫ్రీ క్లోరిన్, మొత్తం క్లోరిన్, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చూపే అంకె) చూశాను. ఇక్కడ ఫ్రీ అన్న మాటకు ఉన్న బరువు చాలామందికి తెలియదు. నీళ్లలో పోసిన క్లోరిన్‌లో కొంత ఇంకా దేనితోనూ కలవకుండా మిగిలి ఉంటుంది. బ్యాక్టీరియాను చంపేది ఆ మిగులే. మిగతాది మట్టితో, ఆకు రసంతో, కుళ్లిన పదార్థంతో కలిసిపోతుంది. అందులో కొంత క్లోరమైన్లుగా మారి నీళ్లలోనే ఉంటుంది. క్లోరమైన్లకు వాసన ఉంటుంది, మొత్తం క్లోరిన్ చూపే స్ట్రిప్ మీద రంగూ వస్తుంది. తొట్టిలో ఆకు ఉండే ఒకటి రెండు నిమిషాల్లో మాత్రం వాటివల్ల ప్రయోజనం దాదాపు సున్నా. నీళ్లు క్లోరిన్ వాసన వేస్తున్నాయి కాబట్టి క్లోరిన్ ఉందనుకోవడం ఈ రంగంలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు.

ఆరుంపావుకు ఫ్రీ క్లోరిన్ 30 పీపీఎం (లీటరుకు 30 మిల్లీగ్రాములు) దగ్గర ఉంది. ఎనిమిది క్రేట్లు దిగేసరికి 5 కంటే కిందికి పడిపోయింది. ఎనిమిదింటికి కొలవడానికి ఏమీ మిగల్లేదు. మొత్తం క్లోరిన్ స్ట్రిప్ మాత్రం పదింటికి కూడా లేత రంగు చూపించింది, తొట్టి దగ్గర వాసనా ఉంది. పదిన్నరకు నీళ్లు పలచని టీ రంగులో ఉన్నాయి. పైన ఆకు ముక్కలు, వేళ్ల తుంపులు తేలుతున్నాయి. అడుగున చేయి పెడితే వేలి మందాన బురద తగిలింది. ఆ నీళ్లలో ఇంకా గంటన్నర పని మిగిలి ఉంది.

తొట్టే బ్యాక్టీరియాను పంచిపెడుతోందని రుజువు చేయడానికి చిన్న ప్రయోగం చేశాను. ముందు రోజే పరీక్షించి, ఈ. కోలి లేదని తేలిన పుదీనాను ఫ్రిజ్‌లో ఉంచాను. పదిన్నరకు దాన్ని అందరిలాగే తొట్టిలో ముంచి, రెండో తొట్టిలో జాడించి, సంచిలో వేసి ల్యాబ్‌కు తీసుకెళ్లాను. 25 గ్రాముల ఆకు, 225 మిల్లీలీటర్ల పెప్టోన్ నీరు, తర్వాత పలచన చేసి ప్లేట్ల మీద. మర్నాడు ఈఎంబీ ప్లేట్ (ఈ. కోలిని రంగుతో గుర్తుపట్టే ప్లేట్) తెరిస్తే ఈగ వీపు మీది మెరుపులా ఆకుపచ్చ లోహపు తళుకుతో కాలనీలు. తర్వాతి నిర్ధారణ పరీక్షల్లోనూ అవి ఈ. కోలి అనే తేలింది. ఆ ప్లేట్‌ను యజమానికి చూపించాను. చీటీలు తారుమారయ్యాయన్న మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

పొద్దున వచ్చిన ఇరవై క్రేట్లలో ఒక్క క్రేట్ మాత్రమే కలుషితమై ఉండొచ్చు. కడగకుండా పంపితే ఆ ఒక్క క్రేట్‌తోనే ప్రమాదం. క్లోరిన్ అయిపోయిన తొట్టిలో ముంచితే దాని తర్వాత దిగే క్రేట్లన్నిటికీ అదే అంటుతుంది. కడిగిన కొత్తిమీరలో ఎక్కువ బ్యాక్టీరియా ఎందుకుందో దీంతో తేలిపోయింది.

రంగు రాని కిట్

ఉదయం 30 పీపీఎం మాత్రమే ఎందుకుందో కూడా తేల్చాలి. డ్రమ్ము మీద 10 శాతం అని రాసి ఉంది. ఆ లెక్కన 500 లీటర్లకు అర లీటరు పోస్తే 100 పీపీఎం రావాలి. వాళ్లు పోస్తున్నది పావు లీటరు. అప్పటికీ 50 రావాలి. డ్రమ్ము షెడ్డు బయట ఎండలో ఉంది. హైపో వేడికీ వెలుతురుకూ రోజురోజుకూ బలం కోల్పోతుంది. టైట్రేషన్ (బలం కొలిచే రసాయన పరీక్ష) చేస్తే 6 శాతం దగ్గర తేలింది.

మరి పావు లీటరే ఎందుకు? మొదట్లో అర లీటరు పోసేవాళ్లట. ఓ బీరువా అరలో క్లోరిన్ కొలిచే డీపీడీ కిట్ దుమ్ము పట్టి కనిపించింది. "అది పనిచేయదు మేడమ్, దాంట్లో రంగే రాదు" అన్నారు సూపర్‌వైజర్. అసలు కథ అక్కడ బయటపడింది.

డీపీడీ పొడి ఫ్రీ క్లోరిన్‌తో కలిస్తే గులాబీ రంగు వస్తుంది. ఎంత ముదురు గులాబీ అయితే అంత క్లోరిన్. ఆ కిట్‌ను తాగునీటి కోసం తయారు చేశారు. తాగునీటిలో సాధారణంగా ఉండేది ఒకటి రెండు పీపీఎం లోపే. 100 పీపీఎం నీళ్లలో నేరుగా ఆ పొడి వేస్తే, క్లోరిన్ ఆ రంగునే తినేస్తుంది. గులాబీ క్షణం సేపు మెరిసి మాయమవుతుంది, లేదా అసలు కనిపించదు. చూసేవాళ్లకు క్లోరిన్ లేనట్టే ఉంటుంది. వాళ్లూ అలాగే అనుకున్నారు. ఇంకో అర లీటరు పోశారు, మళ్లీ చూశారు, మళ్లీ రంగు లేదు, మళ్లీ పోశారు. ఆ రోజు కొత్తిమీర అంచులు తెల్లబడ్డాయి, ఆసుపత్రి వాసన వస్తోందని హోటళ్లు సరుకు తిప్పి పంపాయి. దాంతో కిట్ బీరువా ఎక్కింది, మోతాదు సగమైంది, కొలవడం ఆగిపోయింది.

వాళ్ల కళ్ల ముందే చేసి చూపించాను. తొట్టి నీళ్లు 5 మిల్లీలీటర్లు తీసి, స్వేదన జలంతో 100 మిల్లీలీటర్లకు పలచన చేసి, అందులో పొడి వేశాను. చక్కని గులాబీ రంగు వచ్చింది. చూపిన అంకెను ఇరవైతో గుణిస్తే సరిపోతుంది. సూపర్‌వైజర్ ఆ సీసాను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూస్తూ ఉండిపోయారు. తప్పు ఆవిడది కాదు. కిట్ అమ్మినవాళ్లు అది ఎంతవరకు కొలుస్తుందో చెప్పలేదు. తొట్టి పెట్టించినవాళ్లు కొలవడం నేర్పలేదు.

ఇంకో చిక్కుముడి ఉంది. అంతకుముందు ఒక ల్యాబ్ తొట్టి నీళ్లను పరీక్షించి "ఈ. కోలి లేదు" అని రాసిచ్చింది. యజమాని ధీమాకు ఆ కాగితమే కారణం. ఆ నమూనా ఎప్పుడు తీశారో కనుక్కున్నాను. ఆరింటికి, హైపో పోసిన వెంటనే. సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేయలేదు. అది వేయకపోతే నీళ్లలోని క్లోరిన్ ల్యాబ్‌కు వెళ్లే దారి పొడవునా సీసాలో పనిచేస్తూనే ఉంటుంది. తొట్టిలో ఆకుకు దొరికేది ఒకటి రెండు నిమిషాలు. సీసాలోని బ్యాక్టీరియాకు దొరికింది మూడు గంటలు. కడిగే నీటి నమూనాను థయోసల్ఫేట్ ఉన్న సీసాలో, పని మధ్యలో, నీళ్లు బాగా మురికిపడిన వేళ తీయాలి. అలా తీయని రిపోర్టు నా చేతికి వస్తే పక్కన పెట్టేస్తాను.

క్లోరిన్ చేయగలిగేది

క్లోరిన్ ఎంత పోసినా ఆకు మీది బ్యాక్టీరియా మొత్తం చావదు. మంచి పద్ధతిలో కడిగితే తగ్గేది సాధారణంగా పదో వంతుకు, మహా అయితే నూరో వంతుకు. బ్యాక్టీరియా ఆకు మీద దుమ్ములా పరుచుకుని ఉండదు. పత్రరంధ్రాల్లో, నూగు మొదళ్లలో, కోసిన కాడ చివర్లో, తాను అల్లుకున్న జిగురు పొర కింద దాక్కుని ఉంటుంది. నీళ్లు అక్కడిదాకా చేరేలోపే ఆకు పదార్థం క్లోరిన్‌ను ఖర్చు చేసేస్తుంది.

2006లో అమెరికాలో జరిగింది దీనికి పెద్ద ఉదాహరణ. కాలిఫోర్నియాలో ప్యాక్ చేసిన లేత పాలకూర వల్ల ఈ. కోలి ఓ157:హెచ్7 అనే ప్రమాదకరమైన రకం సోకి 205 మంది జబ్బుపడ్డారు, ముగ్గురు చనిపోయారు. అది పొలం నుంచి నేరుగా వచ్చిన కూర కాదు. ఆధునిక ప్లాంట్‌లో క్లోరిన్ నీళ్లతో కడిగి, సంచుల్లో నింపినది. పొలం చుట్టుపక్కల పశువుల పేడలోనూ అడవి పందుల్లోనూ అదే రకం బ్యాక్టీరియా దొరికింది. పొలంలో అంటిన దాన్ని ప్లాంట్ పూర్తిగా వదిలించలేకపోయింది.

మరి క్లోరిన్ ఎందుకు? నీళ్ల కోసం. ఒక ఆకు నుంచి నీళ్లలోకి వచ్చిన బ్యాక్టీరియా ఇంకో ఆకును అంటుకునేలోపు చంపడమే దాని అసలు పని. నీళ్లలో తేలుతున్న బ్యాక్టీరియాకు దాక్కునే చోటు లేదు. ఫ్రీ క్లోరిన్ ఉంటే కొన్ని సెకన్లలో చస్తుంది. అందుకే ఉదయం ఎంత పోశారని నేను ముందుగా అడగను. పదకొండింటికి ఎంత మిగిలిందని అడుగుతాను.

పీహెచ్ సంగతీ ఇందులో భాగమే. క్లోరిన్ నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది. వేగంగా చంపేది హైపోక్లోరస్ ఆమ్లం. రెండో రూపం చాలా నెమ్మది. పీహెచ్ 6.5 దగ్గర తొంభై శాతం దాకా మొదటి రూపంలో ఉంటుంది. 7.5 దగ్గర సగం సగం. 8.5 దగ్గర పదో వంతే. ఈ యూనిట్‌లో బోరు నీరు 7.9, హైపో పోశాక 8.2. అంటే ఉదయం ఉన్న ఆ 30 పీపీఎంలోనూ నిజంగా పనిచేసేది ఐదో వంతు కంటే తక్కువ.

పీహెచ్ తగ్గించడానికి నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ఎంచుకున్నాం. చవక, ఆహారంలో వాడేదే. కానీ మొదటి రోజే భయపడాల్సి వచ్చింది. ఓ కుర్రవాడు హైపో కొలిచిన మగ్గులోనే, అడుగున ఇంకా కాస్త ఉండగానే, నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోశాడు. గాఢమైన హైపోకు ఆమ్లం తగిలితే క్లోరిన్ వాయువు వస్తుంది. మగ్గులోంచి ఘాటు లేచింది. అతను మగ్గు వదిలేసి దగ్గుతూ బయటికి పరిగెత్తాడు. అందరం బయట నిలబడి తలుపులు తెరిచి పెట్టాం. పరిమాణం తక్కువ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రోజు నుంచి ఆమ్లానికి ఎర్ర మగ్గు, హైపోకు తెల్ల మగ్గు, రెండూ గదికి చెరో మూల. ముందు ఆమ్లం తొట్టి నిండా ఉన్న నీళ్లలో కలిపి, బాగా తిప్పి, పీహెచ్ చూశాకే హైపో పోయాలి. దీన్ని వాళ్లకు ముందే నేర్పాల్సింది. ఆ బాధ్యత నాది.

నిమ్మ ఉప్పు కూడా కొంత క్లోరిన్‌ను తినేస్తుంది. పెద్ద ప్లాంట్లు కొన్ని ఫాస్ఫారిక్ ఆమ్లమో కార్బన్ డయాక్సైడో వాడడానికి ఇదొక కారణం. ఈ యూనిట్‌కు అంత ఏర్పాటు అక్కర్లేదు. పీహెచ్ 6.8, 7 మధ్య ఆపితే చాలనుకున్నాం. ఆరు కంటే కిందికి మాత్రం పోనివ్వకూడదు, వాయువు సమస్య మళ్లీ మొదలవుతుంది.

క్లోరిన్‌కు బదులు వాడే పెర్అసిటిక్ ఆమ్లం గురించి యజమాని అడిగారు. మురికి నీళ్లలో అది క్లోరిన్ అంత తొందరగా చచ్చుబడదు, పీహెచ్ బాధ తక్కువ. అమెరికాలో కూరగాయలు కడగడానికి 80 పీపీఎం వరకు అనుమతి ఉంది. నాకూ ఇష్టమే. కానీ ఖరీదు, పైగా గాఢ ద్రావణం చర్మాన్నీ కళ్లనూ కాలుస్తుంది. హైపోనే సరిగా కొలవడం అలవాటు కాని చోట దాన్ని తెచ్చిపెట్టడం నాకు సమ్మతం కాలేదు. ఓజోన్ యంత్రం అమ్మేవాళ్లు అప్పటికే ఒకసారి వచ్చి వెళ్లారట. ఓజోన్ మంచిదే, కానీ మట్టి నీళ్లలో అది క్లోరిన్ కంటే ముందే ఖర్చయిపోతుంది. బురదను తొట్టిలోకి రానివ్వకుండా ఆపకపోతే ఏ మందు తెచ్చినా ఫలితం అదే.

మార్చినవి

అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చిన మార్పుకు మందుతో సంబంధమే లేదు. కొత్తిమీర వేళ్లతో, మట్టితో, అరటి నారతో కట్టిన కట్టలుగా వస్తుంది. ఇన్నాళ్లూ కట్ట విప్పకుండానే ముంచేవాళ్లు. బిగించి కట్టిన కట్టను తొట్టిలోంచి తీసి మధ్యలో విడదీసి చూశాను. లోపలి కాడలు పొడిగా ఉన్నాయి, వేళ్ల దగ్గర మట్టి గడ్డ కట్టినది కట్టినట్టే ఉంది. పై ఆకులకు మాత్రమే నీళ్లు తగిలాయి, లోపలి మట్టి మాత్రం కొద్దికొద్దిగా తొట్టిలోకి కరుగుతూనే ఉంది.

ఇప్పుడు షెడ్డు బయటే కట్ట విప్పి, వేళ్లు కోసి, పండుటాకులు ఏరి, వాలుగా పెట్టిన జాలీ బల్ల మీద పరిచి, పైనుంచి మంచినీటి జల్లు పెడతారు. మట్టి అక్కడే కారిపోతుంది. ఆ తర్వాతే తొట్టి. మనుషుల పని పెరిగింది, ఇద్దరిని అదనంగా పెట్టుకోవాల్సి వచ్చింది. యజమానికి కష్టంగా తోచిన ఖర్చు ఇదే. హైపో ఖర్చు లెక్కలోకి రానిది. మనుషుల కూలీ అలా కాదు. అయినా ఈ ఒక్కదాని విషయంలో నేను పట్టు వదల్లేదు. జల్లు పెట్టిన మొదటి రోజే తొట్టిలో క్లోరిన్ నిలిచే సమయం కంటికి కనిపించేంతగా పెరిగింది.

తొట్టిలో ఫ్రీ క్లోరిన్ 50 నుంచి 80 పీపీఎం మధ్య ఉంచుతున్నాం. ప్రతి పది క్రేట్లకు ఒకసారి కొలిచి, రాసి, తగ్గినంత పోస్తారు. 30 కంటే తగ్గితే పని ఆగుతుంది. 10 పీపీఎం ఉన్నా నీళ్ల ద్వారా బ్యాక్టీరియా పాకకుండా చాలావరకు ఆపవచ్చని పరిశోధనలు చెబుతాయి. కానీ అవి ల్యాబ్‌లో చక్కగా కలియబెట్టిన నీళ్లు. ఇక్కడ తొట్టి మూలల్లో, క్రేట్ మధ్యలో ఎంత ఉంటుందో ఒక్క కొలతతో తెలియదు. అందుకే అంత ఎడం పెట్టుకున్నాం. తొమ్మిదింటికి నీళ్లు పూర్తిగా మారుస్తారు, నల్లబడినా నల్లబడకపోయినా.

రెండో తొట్టిని తీసేశాం. క్లోరిన్ లేని, నిలవ ఉన్న నీళ్లలో కడిగిన సరుకును జాడించడమంటే మొదటి తొట్టిలో చేసిన పనిని చెరిపేయడమే. దాని స్థానంలో తాగడానికి పనికొచ్చే నీటి జల్లు వచ్చింది. ఆ నీరు మళ్లీ వాడరు, బయటి జాలీ బల్లకు వెళుతుంది. శుభ్రమైన నీరు శుభ్రమైన సరుకు నుంచి మురికి సరుకు వైపు నడవాలి, వెనక్కి రాకూడదు. నీళ్ల ట్యాంకర్ ఖర్చు గురించి యజమానికి ఉన్న బెంగ దీంతో కొంత తగ్గింది.

స్పిన్నర్ బుట్ట అడుగున వేలు పెట్టి రాస్తే ఆకుపచ్చ జిగురు వచ్చింది. తరిగే బల్ల చీలికల్లోనూ అదే. క్రేట్లు పొలం నుంచి వచ్చినవే కడిగిన సరుకుకూ వాడుతున్నారు. ఇప్పుడు మట్టి సరుకుకు నీలం, కడిగినదానికి తెలుపు. స్పిన్నర్ బుట్టను రోజుకు రెండుసార్లు సబ్బుతో తోమి, హైపో నీళ్లతో తుడిచి, ఆరబెడతారు. ప్యాక్ చేసిన సరుకు అయిదు డిగ్రీల లోపు గదిలోకి వెళుతుంది. ఆ చల్లదనంలో ఈ. కోలి పెరగదు. లిస్టీరియా అనే ఇంకో హానికర బ్యాక్టీరియా మాత్రం చల్లగా ఉన్నా నెమ్మదిగా పెరుగుతుంది. అందుకే నిలవ గడువును మూడు రోజులకు కుదించాం.

ఇవన్నీ కుదురుకోవడానికి ఆరు వారాలు పట్టింది. ఆ తర్వాత ఉదయం, మధ్యాహ్నం నమూనాల మధ్య తేడా పోయింది. కడిగిన సరుకులో బ్యాక్టీరియా లెక్క వచ్చినప్పటి కంటే పదో వంతుకు తగ్గుతోంది, కొన్ని రోజుల్లో ఇంకాస్త ఎక్కువ. అంతకు మించి నేను ఆశించలేదు. సరుకు ఆపిన సంస్థ మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. పదకొండు గంటల కొత్తిమీరను కూడా ఇప్పుడు ఇంటికి తీసుకెళ్తున్నానని ఆ పెద్దావిడ చెప్పారు. నా దృష్టిలో ఆ మాట ల్యాబ్ రిపోర్టుతో సమానం.

ఇళ్లలో ఏం చేయాలని చాలామంది అడుగుతారు. ఉప్పు నీళ్లలో, పసుపు నీళ్లలో నానబెడితే పురుగులు వదులుతాయి, బ్యాక్టీరియా పెద్దగా తగ్గదు. కట్ట విప్పి, వేళ్లు కోసి, ధారగా పడే కుళాయి కింద కొద్దికొద్దిగా కడగడం గిన్నెలో ముంచడం కంటే ఎంతో మేలు. తడి ఆరాకే ఫ్రిజ్‌లో పెట్టాలి. సువాసన కలిపిన బట్టల బ్లీచ్‌ను కూరల మీద ఎట్టి పరిస్థితుల్లోనూ వాడొద్దు.

ఒక రైతు కొత్తిమీర

అన్నీ సర్దుకున్నాక కూడా ఒక్క చోటి నుంచి వచ్చే సరుకు మాత్రం సరిపడలేదు. తొట్టిలో క్లోరిన్ 70 ఉన్న రోజున కూడా, కడిగాక ఆ కొత్తిమీరలో ఈ. కోలి తేలింది. వచ్చేటప్పుడే అందులో మిగతా సరుకుకు నూరు రెట్లు ఉంది. నూరో వంతుకు తగ్గించినా మిగిలేది తక్కువేమీ కాదు.

పొలానికి వెళ్లి చూశాం. పక్కనే వాగు. వానలు పడితే ఊరి మురుగు అందులో కలుస్తుంది. కరెంటు లేనప్పుడు ఆ వాగు నీళ్లనే ఇంజన్‌తో తోడి పైరు మీద చల్లుతున్నారు. మూసీ దిగువన మురుగునీటితో ఆకుకూరలు పండించడం గురించి ఈ ప్రాంతంలో చాలామంది విని ఉంటారు. ఇంత దూరంలో, చూడటానికి తేటగా కనిపించే వాగు గురించి ఎవరికీ అనుమానం రాలేదు. 2018లో అమెరికాలోని యూమా ప్రాంతపు లెట్యూస్ (సలాడ్ ఆకు) వల్ల 210 మంది జబ్బుపడి, అయిదుగురు చనిపోయినప్పుడు కూడా అదే రకం బ్యాక్టీరియా దొరికింది సాగునీటి కాలువలోనే. దీనికి తోడు గట్టు మీద పచ్చి పేడ కుప్ప. విత్తే ముందు దాన్నే చల్లుతారట. ఆకు నేలను తాకే పంటకు పచ్చి పేడ వేస్తే కోతకు 120 రోజుల ఎడం ఉండాలని అమెరికా సేంద్రియ నిబంధనలు చెబుతాయి. కొత్తిమీర నలభై రోజుల పంట. అంటే ఈ పంటకు వేసే పేడను మూడు పంటల ముందే వేసి ఉండాలి. అది జరిగే పని కాదు కాబట్టి, బాగా మాగిన ఎరువే వాడమని చెప్పాం.

రైతు ముందు ఒప్పుకోలేదు. "మా తాత కాలం నుంచి ఇదే పేడ, ఇదే వాగు" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. తాత కాలంలో ఆ వాగులో ఊరి మురుగు లేదు, ఆ కొత్తిమీర తరిగి డబ్బాలో హోటల్‌కు వెళ్లేదీ కాదు. అదే మాట ఆయనతో అన్నాను. పొలం వద్దని వదిలేయడం యజమానికి తేలిక. కానీ వదిలేస్తే అదే కొత్తిమీర మర్నాడు సంతలో, ఏ పరీక్షా లేకుండా, ఎవరింటి పెరుగు పచ్చడిలోకో వెళుతుంది. అందుకే కొనడం మానొద్దని యజమానికి చెప్పాను.

ఇప్పుడు ఆ రైతు బోరు నీళ్లు కాలువ పారిస్తున్నాడు, ఆకుల మీద చల్లడం మానేశాడు. పేడ కుప్ప పొలం చివరికి జరిగి, ఈసారి పూర్తిగా మాగుతోంది. వానాకాలం దాటే వరకు ఆయన కొత్తిమీరను యూనిట్ వేరే క్రేట్లలో దించుతోంది. అన్నిటికీ చివర్లో, పదకొండున్నరకు, దాన్ని ఒక్కదాన్నే కడిగి, ఆ నీళ్లు వెంటనే పారబోసి తొట్టి తోముతారు. తరిగే బల్ల దగ్గరికి దాన్ని రానివ్వరు. దాన్ని ఉడికించి వాడే వంటశాలలకు మాత్రమే, చీటీ అంటించి, పంపుతున్నారు.